మూడు నోళ్ల ఇంగ్లీషు

మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని మామగారు గ్లాసు పక్కకు నెట్టారు.

"నేనసలు ఉప్పే వెయ్యలా," అన్నారు అత్తగారు.

"వెయ్యకుండా ఉప్పు యాడనించి వస్తది? తాగేది నేను. నా నాలికకు తెలీదా?"

"చిలికేది నేను. నా చేతికి తెలీదా?"

"అయితే కోడలు వేసుంటది. నువ్వొకసారి, ఆ పిల్లొకసారి."

అత్తగారు వంటింటి గడప దగ్గరికి వచ్చి, "కామాక్షమ్మా, మజ్జిగలో ఉప్పేమన్నా వేసినావా?" అని అడిగారు. వసారాలో మామగారు కూర్చున్న చోటికీ నేను నిలబడ్డ చోటికీ మధ్య ఉన్నది ఒక్క తలుపు. అదీ తెరిచే ఉంది.

"లేదత్తయ్యా."

ఆవిడ వెనక్కి తిరిగారు. "వెయ్యలేదంట."

"ఇనపడింది," అన్నారు మామగారు.

మా అత్తవారింటి పద్ధతి అది. కోడలు మామగారితో ముఖాముఖి మాట్లాడదు. చెప్పవలసింది అత్తగారికి చెబుతుంది, అత్తగారు ఆయనకు చెబుతారు. ఆయన బదులు కూడా అదే దారిన తిరిగి వస్తుంది, ఎంత బాగా వినిపించినా సరే. నేను మద్రాసులో బి.ఏ. చదివి వచ్చినదాన్ని. వచ్చిన కొత్తలో ఇదంతా నాటకంలా ఉండేది. తర్వాత అలవాటైంది. ఇందులో అవమానమేమీ లేదని, ఉన్నది ఆలస్యమేనని తెలుసుకున్నాను.

ఆ రోజు గొడవ తేలక, నేను పెరట్లో బావి నీళ్లు చేది నోట్లో పోసుకున్నాను. ఉప్పగా ఉన్నాయి. మజ్జిగలో కలిపింది ఆ నీళ్లే. తాగేందుకు ఊరి బావి నీళ్లు తెచ్చుకుంటాం గనుక ఎవరం గమనించలేదు. అత్తగారికి చెప్పాను, ఆవిడ మామగారికి చెప్పారు. ఆయన వచ్చి దోసిట్లో పోసుకుని రుచి చూసి, ఉమ్మేసి, కండువా భుజాన వేసుకుని పొలం వైపు వెళ్లిపోయారు.

మా ఊరు తోటపల్లి గూడూరు దాటి తూర్పుకు పోతే వస్తుంది. ఊరికీ సముద్రానికీ మధ్య మా పొలాలు. వానలప్పుడు పైనుంచి వచ్చే నీళ్లు మురుగు కాలవలో పడి, మా పొలాల చివర ఉన్న తూము గుండా ఉప్పుటేట్లోకి పోతాయి. తూముకు ఇనప తలుపు, తలుపుకు తాళం, తాళంచెవి కాలవల కాపలా చూసే లస్కరు పెంచలయ్య దగ్గర. అతను ఉండేది నాలుగు మైళ్ల అవతల. వాన పడితే వచ్చి తలుపు ఎత్తి పోతాడు. అమావాస్యకో పున్నానికో పోటు వచ్చి ఉప్పుటేరు పొంగితే, ఎత్తిన తలుపు కిందుగా సముద్రపు నీళ్లు ఎదురెక్కి పొలాల్లో పడతాయి. మనిషిని పంపి పెంచలయ్యను పిలిపించేలోగా పైరు ఉప్పునీళ్లలో నానుతుంది. అతని తప్పేమీ లేదు. చూసుకోవలసిన తూములు ఇంకా ఉన్నాయి, ఉన్నది ఒక సైకిలు. పొలంలో దక్షిణపు చెక్క చవుడు తేలి, మొలగొలుకుల వరి పండటం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ఉప్పు బావి దాకా వచ్చింది.

మామగారు అడుగుతున్నది కొత్త తూము కాదు. ఒక తాళంచెవి ఊళ్లో ఉంచమని. అర్జీలు పెట్టారు. అంతకుముందు ఇద్దరు ఇంజినీర్లు వచ్చి చూసి పోయారు. ఇద్దరూ తెలుగు రానివాళ్లే. మామగారు చెప్పినదంతా విని, సమితి గుమాస్తా వాళ్లకు ఇంగ్లీషులో చెప్పేవాడు. రెండోసారి తలుపు వెనక నుంచి నేను విన్నాను. మామగారు చెమటలు కక్కుతూ చెప్పిన పోటు, చవుడు, తాళంచెవి అన్నీ కలిసి ఆ గుమాస్తా నోట 'ఈ గ్రామస్థుడు తమ దయ కోరుతున్నాడు' అని బయటికి వచ్చాయి. ఆ సంగతి అత్తగారి ద్వారా చెప్పించాను. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

బావి నీళ్లు ఉప్పదేలిన కొద్దిరోజులకే, ఢిల్లీ నుంచి పెద్ద ఇంజినీరొకాయన కోస్తా కాలవలన్నీ చూస్తూ వస్తున్నారని కబురు వచ్చింది. దసరా వెళ్లాక మా తూము దగ్గరికీ వస్తారట. అది అరవై ఒకటో సంవత్సరం.

మా ఆయన జయరామయ్య నెల్లూరులో సర్కారు ఆఫీసులో గుమాస్తా. శనివారం వచ్చి సోమవారం పొద్దున పోయేవారు. ఇంజినీరుతో మాట్లాడమని మామగారు అడిగితే, "నాన్నా, సర్కారు ఉప్పు తింటా సర్కారు ముందర నిలబడి తప్పులు చెప్పమంటావా? నన్ను దీంట్లోకి లాగబాక," అన్నారు.

"అయితే నేనే మాట్లాడతా."

"దేంట్లో?"

"ఇంగ్లీషులో."

మా ఆయన నవ్వారు. అత్తగారూ నవ్వారు. మామగారు నవ్వలేదు. "ఏమే, కోడల్ని అడుగు. నాలుగు ముక్కలు నేర్పతాదేమో."

"నేర్పతావా అంటన్నాడు."

"నేర్పుతానని చెప్పండి," అన్నాను.

మామగారు హజరత్తయ్యగారు చిన్నప్పుడు మూడో ఫారం దాకా చదివారు. అక్షరాలు వచ్చు, చెదురుమదురుగా మాటలు వచ్చు. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని వసారాలో నులకమంచం మీద కూర్చునేవారు. నేను లోపల బియ్యం ఏరుతూనో చింతపండు పిక్కలు తీస్తూనో ఉండేదాన్ని. అత్తగారు గడప మీద. నేను వాక్యం ఆవిడకిస్తే ఆవిడ ఆయనకిచ్చేవారు. ఆయన అప్పజెప్పింది మళ్లీ ఆవిడ నోటనే నాకు వచ్చేది. అత్తగారికి ఇంగ్లీషు అక్షరం తెలియదు. చెవి మాత్రం గట్టిది.

మొదట నేను కాలేజీ పద్ధతిలో పోయాను. పెద్ద పెద్ద వాక్యాలు. చివరికి వచ్చేసరికి మామగారు మొదలు మరిచిపోయేవారు. నిన్నటి క్రియ వేరు, నేటి క్రియ వేరు అనేసరికి విసుక్కునేవారు. ఇది సాగదనుకున్నాక, ఇంట్లో మేం మాట్లాడుకునే తీరు మీద మనసు పెట్టాను. 'పొయ్యేముందు తలుపెయ్యి.' 'వచ్చినాక తింటా.' 'వడ్డిస్తా వడ్డిస్తా చెబుతా, విను.' పొద్దున లేచింది మొదలు మా మాటలు ఇట్లాగే నడుస్తాయి. ఒక పనికి ఇంకో పనిని ముడివేస్తాం, చేసే మనిషిని ఒక్కసారే చెబుతాం. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోనూ అంతే. మా హాస్టలు వార్డెను ఆంగ్లో ఇండియన్. 'బిఫోర్ గోయింగ్', 'ఆఫ్టర్ ఈటింగ్', 'వైల్ రీడింగ్' అనే మూడింటితోనే ఆమె మా హాస్టలంతా నడిపింది. నేను పుస్తకం పక్కన పెట్టి ఆమె దారి పట్టాను.

"బిఫోర్ అంటే ముందు. ఆఫ్టర్ అంటే తర్వాత. వైల్ అంటే ఆ పని జరుగుతుండగా. వాటి పక్కన పని పేరు పెట్టి చివర ఇంగ్ తగిలించమనండి. నిన్నయినా రేపయినా అది మారదు."

"మారదంట," అన్నారు అత్తగారు, అందులో ముఖ్యమైన మాట అదొక్కటే అయినట్టు.

"ఇదేదో బాగుండాది," అన్నారు మామగారు.

'ఆఫ్టర్ ఓపెనింగ్ ద గేట్, ద లస్కర్ గోస్ హోమ్.' తలుపు ఎత్తినాక లస్కరు ఇంటికి పోతాడు. 'వైల్ వెయిటింగ్ ఫర్ హిమ్, వుయ్ లూజ్ అవర్ క్రాప్.' అతని కోసం కాచుకుని ఉండగా మా పైరు పోతుంది. ఈ రెండూ ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి. మర్నాడు ఆయనకు అనుమానం వచ్చింది.

"ఏమే, కాచుకోనుండేది ఎవురో చెప్పనే లేదే. లస్కరే కాచుకోనుండాడనుకుంటే?"

నేను బదులు చెప్పేలోగా అత్తగారే అందుకున్నారు. "కాలవకు పోతా పోతా చెంబు మరిచినా అంటే, పొయ్యిందెవురని అడగతావా? మరిచినోడే పొయ్యింది."

"నిన్ను కాదు, కోడల్ని అడిగినా."

"అమ్మాయ్, నేను చెప్పింది రైటేనా?"

"రైటే."

"రైటంట."

అంతటితో ధైర్యం వచ్చి, మామగారు ఒక వాక్యం సొంతంగా కట్టుకుని తెచ్చారు. 'వైల్ కమింగ్ ఇన్, వుయ్ షట్ ద గేట్.' సముద్రం లోపలికి వస్తుండగా మేం తలుపు వేస్తాం అని ఆయన ఉద్దేశం. అట్లా అంటే లోపలికి వస్తున్నది మీరే అవుతారని చెప్పించాను. రెండు పనులూ ఒకరే చేస్తేనే పేరు వదిలెయ్యవచ్చు. వచ్చేది సముద్రం, మూసేది మనం అయినప్పుడు సముద్రాన్ని చెప్పి తీరాలి: 'వెన్ ద సీ కమ్స్ ఇన్.'

ఈ మాట మోసుకుపోతూ అత్తగారు దానికి తన మాట కలిపారు. "నేను వస్తా వస్తా తలుపేసినా. సముద్రం వస్తుంటే తలుపేసినా. రెండూ ఒకటేనా? ఆమాత్రం తెలీకుండా యవసాయం ఎట్ట చేసినావు ఇన్నాళ్లు?"

"నీకు బి.ఏ. వచ్చేట్టుండాదే."

"ఫీజు కట్టు, పోతా."

నిజానికి ప్రతి వాక్యం అటొకసారి ఇటొకసారి ఆవిడ నోట పోతుంది గనుక, ఆయనకంటే ముందు ఆవిడకే వచ్చేది. అయితే అర్థం పట్టించుకోవడం త్వరలోనే మానేశారు. వచ్చినది వచ్చినట్టు అవతలికి చేర్చడమే తన పని అనుకున్నారు. ఆయనా అంతే. గడప మీద నుంచి ఇంగ్లీషు వినిపిస్తే చాలు, బడిపిల్లవాడిలా తిరిగి చెప్పేవారు.

ఒక్క సంగతి మాత్రం మా పాఠాల్లోకి రాలేదు. తూము మూస్తే మాకు ఎగువన ఉన్న మీదూరి నీళ్లు కదలక పొలాల్లో నిలబడిపోతాయి. ఆ ఊరివాళ్లకూ మామగారికీ కాలవ గట్టు దగ్గర పాత తగాదా. వసారాలో ఎవరైనా వాళ్ల మాట ఎత్తితే, "మీదూరోళ్ల పొలాలు వాళ్లు చూసుకుంటారు. నన్ను అడగబాకండి," అనేసేవారు. లోపల నుంచి ఎన్నోసార్లు విన్నాను. బుద్ధి ఉన్న ఇంజినీరు మొట్టమొదట అడిగేది దాన్ని గురించేనని నాకు తోచింది. మామగారితో ఒకసారి చెప్పి చూడమని అత్తగారిని అడిగాను.

"ఆ మాట నేను మొయ్యను తల్లీ," అన్నారు ఆవిడ. "కావాలంటే ఇంగ్లీషు ఇయ్యి, మోస్తా."

ఇంజినీరు వచ్చింది ఒక శనివారం. జీపులో నేరుగా తూము దగ్గరికి పోయి, బురదలో దిగి తలుపు చూసి, తర్వాత మా ఇంటికి వచ్చారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, తల నెరిసింది. వసారాలో కుర్చీ వేశాం. పక్కన బల్ల మీద సమితి గుమాస్తా, మెట్ల మీద ఊరి రైతులు. మా ఆయన ఇంకా నెల్లూరు నుంచి రాలేదు; ఆ రోజు తొందరగా బయలుదేరాలని ఆయనకు అనిపించలేదు.

"ఏమే, మజ్జిగ తెమ్మను. మన బావి నీళ్లే పొయ్యండి. ఉప్పు వెయ్యబాకండి," అన్నారు మామగారు.

ఇంజినీరు ఒక గుక్క తాగి, ఆగి, గ్లాసులోకి చూశారు.

"నో సాల్ట్, సార్," అన్నారు మామగారు. "వెల్ వాటర్."

అది నేను నేర్పినది కాదు.

ఆ తర్వాత ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, నేర్చుకున్నవన్నీ వరసగా చెప్పారు. తలుపు ఎత్తినాక లస్కరు ఇంటికి పోవడం, కాచుకుని ఉండగా పైరు పోవడం. చివరికి 'బిఫోర్ గోయింగ్ హోమ్, హి మస్ట్ గివ్ ద కీ' అని, పోయేముందు తాళంచెవి ఇచ్చిపోవాలని చెప్పి కూర్చున్నారు. గుమాస్తా నోరు తెరిచాడు కానీ చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇంజినీరు తల ఊపి, కుర్చీ ముందుకు జరుపుకుని, ప్రశ్న అడిగారు. గబగబా, పొడుగ్గా. మీరు తలుపు మూసినాక పై ఊరి నీళ్లు ఎక్కడికి పోతాయి? ఒక ఊరి చేతికి తాళంచెవి ఇచ్చి ఇంకో ఊరిని ముంచితే దానికి జవాబుదారీ ఎవరు? ఆయన అడిగింది అదే.

మామగారికి ఒక్క ముక్క అందలేదు. గుమాస్తా వైపు చూశారు.

"అయ్యగారు ఆలోచిస్తామంటున్నారు," అన్నాడు గుమాస్తా.

మామగారు దండం పెట్టడానికి చేతులు ఎత్తబోయారు. ఇంజినీరు గుమాస్తా వైపు చూస్తూ బదులు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన అట్లాగే లేచిపోతే మూడో ఇంజినీరూ వచ్చి పోయినట్టే. ప్రశ్నను తెలుగు చేసి అత్తగారి చేత చెప్పించవచ్చు. అప్పుడు మామగారు ఇచ్చే బదులేమిటో నాకు తెలుసు, మెట్ల మీద ఉన్న వాళ్లందరికీ తెలుసు. ఆ బదులుకు తాళంచెవి రాదు.

"అత్తయ్యా, ఇంగ్లీషు ఇస్తున్నాను," అన్నాను.

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, పైట సర్దుకుని, గడప మీద నిలబడ్డారు.

'బిఫోర్ షట్టింగ్ ద గేట్, వుయ్ విల్ సెండ్ వర్డ్ టు ద అప్పర్ విలేజ్.' తలుపు మూసేముందు పై ఊరికి కబురు పంపుతాం. ఆవిడ అటు తిరిగి అన్నారు. మామగారు అలవాటు కొద్దీ అందుకుని ఇంజినీరుకు చెప్పారు.

'ఆఫ్టర్ వాచింగ్ ద టైడ్ గో డౌన్, వుయ్ విల్ ఓపెన్ ఇట్ అగైన్.' పోటు తగ్గింది చూసినాక మళ్లీ ఎత్తుతాం. అదీ గడప దాటి, మంచం దాటి, కుర్చీ దాకా పోయింది.

'వైల్ కీపింగ్ ద కీ, దిస్ హౌస్ విల్ ఆన్సర్ టు బోత్ విలేజెస్.' తాళంచెవి ఉంచుకున్నన్నాళ్లూ రెండు ఊళ్లకూ ఈ ఇల్లే జవాబు చెబుతుంది.

ఇంజినీరు ఒక్కో వాక్యం మూడుసార్లు విన్నారు. మొదటిసారికే ఆయనకు అంది ఉంటుంది, ఇల్లు అంత పెద్దది కాదు. అయినా ఒక్కసారి కూడా తలుపు వైపు చూడలేదు. మామగారు చెప్పడం ముగించేదాకా ఆగి, ఆయన ముఖం చూసే తల ఊపారు. తర్వాత, మామగారికి అర్థం కావాలని కాబోలు, నిదానంగా అన్నారు: 'వెన్ కమింగ్ టు నెల్లూర్, బ్రింగ్ ద అప్పర్ విలేజ్ విత్ యూ.' నెల్లూరికి వచ్చేటప్పుడు పై ఊరివాళ్లను వెంట తీసుకురండి. వచ్చే బుధవారం ఇంజినీర్లందరూ అక్కడ కూర్చుంటారని, రెండు ఊళ్లూ ఒకే మాట చెబితే తాళంచెవి ఇప్పిస్తానని కూడా చెప్పారు.

"యెస్ సార్," అన్నారు మామగారు. నెల్లూరనే మాట ఒక్కటి ఆయనకు తెలిసింది. ఇంజినీరు చేయి కలిపి, మజ్జిగ మొత్తం తాగి, వెళ్లిపోయారు.

మా ఆయన వచ్చేసరికి ఊరంతా ఆ మాటే. పొద్దుగూకగానే భోజనాలకు కూర్చున్నారు. చేపల పులుసు పొద్దునదే, సాయంత్రానికి బాగా ఊరింది.

"అబ్బాయా, మీ సర్కారు నాతో చెయ్యి కలిపింది, తెలుసా? నెల్లూరికి రమ్మన్నాడు," అన్నారు మామగారు ముద్ద కలుపుతూ. "ఏమే, చివర్లో నా చేత మంచి మంచి మాటలు చెప్పించినట్టుండారు. అవేందో కోడల్ని అడుగు."

"చెప్పు," అన్నారు అత్తగారు నాతో. గొంతులో కాస్త బెరుకుంది. తను మోసింది ఏమిటో ఆవిడకూ తెలియదు.

నేను మూడు వాక్యాలూ తెలుగులో చెప్పాను. మీదూరివాళ్లను వెంటబెట్టుకుని రమ్మని ఇంజినీరు అన్న సంగతి కూడా చెప్పాను. ఈసారి అత్తగారు అటు తిరిగి చెప్పలేదు. మా ఆయన చేయి విస్తట్లో ఆగిపోయింది.

"మీదూరోళ్లకు కబురు పంపతానని నేను చెప్పినానా?" అన్నారు మామగారు.

"చెప్పినావు. ఊరందరూ విన్నారు," అన్నారు అత్తగారు.

"నువ్వు చెప్పిందే గదా నేను చెప్పింది."

"అమ్మాయి చెప్పింది నేను చెప్పినా."

"ఆయన అడిగింది అదే అత్తయ్యా," అన్నాను. "బదులు లేకపోతే తాళంచెవి రాదు. ముందు అడిగితే మామగారు ఒప్పుకోరని తెలుసు."

"తెలిసే చేసినావా?" అన్నారు మా ఆయన.

"తెలిసే."

మామగారు పులుసు వెయ్యమన్నట్టు గిన్నె వైపు చూశారు. వేశాను. చేపముక్క ముల్లు తీసి, విస్తరి అంచున పెట్టారు.

"ఇంగ్లీషైనా తెలుగైనా నా నోట వచ్చినాక అది నా మాటే," అన్నారు. "రేపు పొద్దున నేనే మీదూరికి పోతా. గట్టు సంగతి తర్వాత చూసుకుందాం. బుధవారం వాళ్ల మనిషిని తీసుకోని నెల్లూరికి పోవాల. కోడలొస్తది."

"ఆఫీసులో ఆడోళ్లు యాడ కూర్చుంటారు నాన్నా?"

"కుర్చీలో. నీకు సర్కారు ఉద్యోగముండాది, నువ్వు నీ ఆఫీసులో కూర్చో." అని తల ఎత్తారు. అత్తగారి వైపు కాదు, నేను గరిటె పట్టుకుని నిలబడ్డ వైపు. "కామాక్షమ్మా, నా నోట్లో పెట్టేది ముందు నా చెవినెయ్యి. తెలుగులో. కాదన్నా వాదించు, వింటా. రేపటినించి నువ్వు నాతోనే మాట్లాడాల. మధ్యలో మీ అత్త వద్దు."

"మరి నేనేం చెయ్యాల?" అన్నారు అత్తగారు.

"నువ్వూ నెల్లూరికి రా. మధ్యలో నిలబడబాక, పక్కన నిలబడు."

ఆవిడ అలవాటు కొద్దీ నా వైపు తిరిగారు. "నేరుగా మాట్లాడమంటన్నాడు. రేపటినించంట."

"వినపడింది మామయ్యా," అన్నాను.